తడి గరిటె ఎవరు?

[టేబుల్ మీద సగం ఖాళీ అయిన ఆవకాయ సీసా. వెనక గోడకు వేలాడుతున్న తెల్ల గి.]

నమస్తే. ఇది వంట వీడియో కాదు, వెళ్ళిపోకండి. ఈ ఆవకాయ సీసాకీ, వెనకాల ఆరేసిన గికీ, అంటే జిజుత్సుకి వేసుకునే యూనిఫామ్‌కీ, సంబంధం ఉంది.

మొన్నామధ్య మా జిజుత్సు (పట్లు పట్టి కిందపడేసే కుస్తీలాంటి ఆట) క్లాసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, మన గుంటూరువాడే, మోచేయి చూపించాడు. రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. అంచు గుండ్రంగా ఉబ్బి పొట్టు రాలుతోంది, మధ్యలో చర్మం దాదాపు మామూలుగా ఉంది. "అన్నా, వేడి చేసినట్టుంది. మజ్జిగ తాగితే తగ్గిపోద్దా?" అన్నాడు. అది వేడి కాదు నాయనా, తామర. అప్పటికే ఆ సాయంత్రం వాడు ఆరుగురితో రోలింగ్, అంటే నేలమీద పట్లు, చేసేశాడు. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి.

వాడి మీద నాకేం కోపం లేదు. నాకు చిరాకు తెప్పించేది "మా జిమ్ సూపర్ నీట్ అండీ, అస్సలు వాసనే రాదు" అనే మాట. బెంగళూరులో ఏడేళ్ళలో నాలుగు జిమ్‌లు మారాను. ప్రతిచోటా ఇదే డైలాగ్. తాజా చెమటకు దాదాపు వాసన ఉండదు. మన చర్మం మీద ఎప్పుడూ కాపురముండే బ్యాక్టీరియా దాన్ని తిన్నాక వచ్చేదే ఆ కంపు. చర్మం మీద పాకే తామరకి వాసన లేదు. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్‌కీ లేదు. ముక్కుతో జిమ్ శుభ్రత కొలవడమంటే, వాసన చూసి పాలల్లో నీళ్ళెన్ని కలిపారో చెప్పడమే.

సరే, సీసా దగ్గరికొద్దాం.

[సీసా మూత తీసి కెమెరాకి దగ్గరగా చూపించాలి.]

ఇది మా అమ్మ ఒంగోలు నుంచి వస్తూ బస్సులో తెచ్చింది. మా అమ్మమ్మ కాలంలో జాడీ ఉండేది. అందులోంచి ఆవకాయ తియ్యాలంటే ఒక తంతు. చెయ్యి కడుక్కోవాలి, పొడిగుడ్డతో తుడుచుకోవాలి. గరిటె మీద చుక్క తడి ఉండకూడదు. కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకుని, అంచు తుడిచి, మళ్ళీ వాసెన కట్టాలి. నేనొకసారి పెరుగన్నం తింటూ తింటూ ఎంగిలి చెంచా పెట్టబోతే అమ్మమ్మ మణికట్టు పట్టేసుకుంది. నా జీవితంలో మొదటి గ్రిప్ ఫైట్ అదే. ఓడిపోయాను.

అంత జాగ్రత్త ఎందుకు? ఆవకాయలో ఉప్పు తడిని పట్టేసుకుంటుంది, పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. బూజు పెరగడానికి చోటే లేదు. తడి గరిటె పెడితే ఆ మూల ఉప్పు పలచబడుతుంది. నాలుగు రోజులు పోయాక అక్కడే తెల్లగా పట్టుకుంటుంది. తామర కూడా ఫంగసే, బూజుకి దగ్గర చుట్టం. పురుగు కాదు. మన బస్టాండు ప్రకటనల పుణ్యమా అని "గజ్జి, తామర, చిడుము" ఒకే ఊపిరిలో అంటాం గానీ, గజ్జి తెచ్చేది చర్మంలోకి తొలుచుకుపోయే ఓ చిన్న పురుగు. దాని మందు వేరు, దీని మందు వేరు.

కాబట్టి మేం పట్లు పట్టే మ్యాట్‌ని జాడీ అనుకోండి. మనం మామిడి ముక్కలం. గంటసేపు ఒకరి మీద ఒకరు పడి చెమటలో ఊరుతుంటాం. తడి గరిటె? మచ్చ ఉండి కూడా, అది కనపడకుండా ఫుల్‌స్లీవ్ రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే టీషర్ట్) వేసుకుని వచ్చినవాడు.

అందరూ మ్యాట్‌నే తిడతారు. మ్యాట్ మీద ఫంగస్ నెలల తరబడి బతకగలదు, కాదనను. కానీ దానికి అన్నం పెట్టేది మన చర్మం. పైగా ఆవకాయలో బూజు కంటికి కనపడుతుంది, ఇక్కడ వెంటనే కనపడదు. అంటుకున్నాక మచ్చ తేలడానికి 4 నుంచి 14 రోజులు పడుతుంది. ఈ సోమవారం అంటించినవాడు దొరికేది వచ్చే వారమో, ఆపై వారమో. ఈలోపు మీరే ఇంకో ఇద్దరికి గరిటె అయిపోయుంటారు.

ఇప్పుడు నా సంగతి. నాలుగేళ్ళ కిందట బెంగళూరులోనే బీటీఎం లేఅవుట్‌లో ఉండేవాణ్ణి. తొడ మీద మచ్చ వచ్చింది. మందుల షాపుకెళ్ళి, కాస్త సిగ్గుపడుతూ, "దురదకి ఏదైనా క్రీమ్" అన్నాను. ఇచ్చాడు. రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు పోయింది. నా అంత తెలివైనవాడు లేడనుకుని క్లాసుకెళ్ళాను. రెండు వారాల తర్వాత ఆపేస్తే, మచ్చ అరచేయంత అయి తిరిగొచ్చింది. మళ్ళీ పూశాను. మళ్ళీ పోయింది. అలా నాలుగు నెలలు. ఈలోపు మా రూమ్మేట్‌కి కూడా వచ్చింది. వాడు జిమ్ గడప తొక్కినవాడు కాదు. నా తువ్వాలు వాడాడంతే.

ఆ ట్యూబు మీద అక్షరాలు చదివితే తెలిసింది: ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వాటితోపాటు స్టిరాయిడ్. స్టిరాయిడ్ ఏం చేస్తుందంటే, ఆ చోట మన ఒంటి కాపలావాడిని నిద్రపుచ్చుతుంది. ఎరుపు, దురద అనేవి కాపలావాడి కేకలు. కేకలు ఆగాయి కదాని దొంగ వెళ్ళిపోయాడనుకుంటాం. మన సీసా లెక్కలో చెప్పాలంటే, పైన పట్టిన బూజుని గరిటెతో లోపలికి కలిపేసి "చూశావా, పోయింది" అన్నట్టు. దీన్నిలా వాడితే మచ్చ గుండ్రపు ఆకారం కూడా పోతుంది. డాక్టర్లే గుర్తుపట్టడానికి ఇబ్బంది పడతారు.

స్టిరాయిడ్ ఉన్న ఇలాంటి 14 చర్మపు మందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. నేను కొన్నది ఆ తర్వాతే. ఇక మీకే తెలుసు.

ఇంకో సంగతి. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న ఫంగస్ మొండిది. దానికి 2020లో పేరు కూడా పెట్టారు: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఆ పేరులో ఇండియా ఉంది, గర్వపడాల్సిందేం లేదు. తామరకి మామూలుగా ఇచ్చే టెర్బినఫిన్ చాలామందిలో దీని మీద పనిచెయ్యడం లేదు. అమెరికా కాలేజీ కుస్తీలో, ఒంటి మీద తామర ఉన్నవాడు కనీసం 72 గంటలు మందు వాడాలి, తలలో ఉంటే రెండు వారాలు, ఆ తర్వాతే మ్యాట్ ఎక్కాలని రూలు ఉంది. ఆ 72 గంటల లెక్క ఇక్కడ పట్టుకుని వేలాడకండి. స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఆయన రమ్మన్నప్పుడే రండి. మచ్చ మాయమయ్యాక కూడా చెప్పినన్నాళ్ళు మందు వాడాలి. నాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ మ్యాట్ పక్కన కుర్చీలో కూర్చుని అందరి టెక్నిక్‌కీ వంకలు పెట్టాను. బాగానే గడిచింది.

[మాప్, బకెట్ చూపించాలి.]

ఇక మ్యాట్ తుడవడం. క్లాసయ్యాక ఒకడు స్ప్రే కొట్టుకుంటూ వెళ్తాడు, వెనకే ఇంకొకడు తుడిచేస్తాడు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, గది ఘుమఘుమలాడుతుంది. క్రిములకి మాత్రం స్నానం చేయించినట్టుంటుంది. ఉప్పు చల్లిన నిమిషానికే ముక్క ఊరుతుందా? మూడో రోజుకి గానీ తిరగకలపం. మందుకీ అంతే, సమయం కావాలి. సీసా మీద రాసుంటుంది చూడండి, చాలావాటికి పది నిమిషాల దాకా నేల తడిగానే ఉండాలి. అది కూడా ముందు సబ్బునీళ్ళతో మురికి తీసేశాక. చెమట, జుట్టు, దుమ్ము అలాగే ఉంటే బ్లీచ్ బలమంతా వాటి మీదే అయిపోతుంది. ఒక హెచ్చరిక: బ్లీచ్‌లో బాత్రూమ్ కడిగే యాసిడ్ కలపకండి. విషవాయువు పుడుతుంది, నిజంగానే ప్రమాదం.

బెంగళూరులో ఇదంతా చెప్పడం తేలికే, నీళ్ళేవీ? 2024 మార్చిలో కార్లు కడగడానికి తాగునీళ్ళు వాడితే 5000 రూపాయల జరిమానా అన్నారు గుర్తుందా? అప్పట్లో మేమున్న జిమ్‌లో మాప్ వారానికి రెండుసార్లకి వచ్చేసింది. షవర్ ఉండేది గానీ నీళ్ళొచ్చేవి కావు. క్లాసయ్యాక అదే తడి గి మీద జాకెట్ వేసుకుని సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కునేవాణ్ణి. ఒంటి మీద వెచ్చగా, తడిగా, గాలాడకుండా. బూజుకి అంతకన్నా ఏం కావాలి?

అందుకని నీళ్ళు లేకపోయినా కుదిరే పని ఒకటి చెప్తాను. తడి గి విప్పేసి, పొడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని, పొడి టీషర్ట్ వేసుకుని బయల్దేరండి. స్నానం ఇంటికెళ్ళగానే.

చెప్పుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంటి గుమ్మం బయటే చెప్పులు విడిచే జాతి మనది. ఆ అలవాటుతోనే జిమ్ గుమ్మంలో విడిచేస్తాం. తర్వాత ఒట్టి కాళ్ళతో బాత్రూమ్‌కెళ్ళి, ఆ తడి కాళ్ళతోనే మ్యాట్ ఎక్కుతాం! అచ్చంగా తడి గరిటె. చెప్పులు మ్యాట్ అంచు దాకా రావాలి, మ్యాట్ ఎక్కకూడదు. ఇక్కడి పాత గరడి మనెల్లో, అంటే కన్నడవాళ్ళ కుస్తీ గోదాల్లో, ఎర్రమట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలుపుతారు. అది ఫంగస్‌ని చంపుతుందని నేననను. కానీ ఆ మట్టిలో దిగేముందు దండం పెట్టుకునేవాడు బాత్రూమ్ కాళ్ళతో దిగడు కదా.

[కింద నుంచి ట్యాంకర్ హారన్.]

అయ్యో, ట్యాంకర్ వచ్చేసింది. మోటార్ వేస్తే ఇక నా మాట వినపడదు. గబగబా చెప్పేస్తాను.

గి ఒక్కసారి వేసుకుంటే ఉతకాల్సిందే. 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే తామర ఫంగస్ చస్తుంది, 30 డిగ్రీలకి నమ్మకం లేదు. కాకపోతే కాటన్ గి అంత వేడికి కుంచించుకుపోయి మీ తమ్ముడికి సరిపోతుంది. అందుకే కొనేటప్పుడే ఒక సైజు వదులుగా కొనండి. జులైలో మన యుటిలిటీ బాల్కనీలో రెండు రోజులైనా ఆరదు కాబట్టి రెండు గిలు ఉండాలి, ఫ్యాన్ కింద ఆరెయ్యాలి. ఇంట్లోవాళ్ళ బట్టలతో కలపకండి.

బెల్టు కూడా ఉతకండి. ఉతికితే విద్య పోతుందట! మట్టి పట్టీ పట్టీ నల్లబడితేనే బ్లాక్ బెల్ట్ అనేది కట్టుకథ. జూడో మొదలుపెట్టిన జిగోరో కానో 1880ల్లోనే నల్ల బెల్టులు కట్టించాడు, మురికి పట్టేదాకా ఆగలేదు.

బాక్సింగ్ గ్లవ్స్ బ్యాగులో పెట్టి జిప్ వెయ్యకండి. లోపల న్యూస్‌పేపర్ కుక్కి బయట పెట్టండి. జిమ్ గ్లవ్సే వాడుతుంటే చేతికి మీ సొంత బట్ట చుట్టుకోండి. గోళ్ళు కత్తిరించుకోండి. గీరుకున్న చోట కట్టు లేకుండా మ్యాట్ ఎక్కకండి, చీము పట్టే బ్యాక్టీరియా దూరేది అక్కడే.

పెదవి మీద నీటి పొక్కులొస్తే "పురుగు పాకింది" అంటారు చూడండి, అది చాలాసార్లు హెర్పిస్ వైరస్. 1989లో అమెరికా మిన్నెసోటాలో ఒక కుస్తీ క్యాంపులో 175 మంది కుర్రాళ్ళలో 60 మందికి అంటుకుంది. దానికి ఏ మాపూ పనిచెయ్యదు, ఎందుకంటే అది ముఖ్యంగా చర్మం నుంచి చర్మానికే పాకుతుంది. పొక్కులుంటే రావద్దు.

ఆ గుంటూరు కుర్రాడిని ఏమన్నానో అడుగుతున్నారా? ఏమీ అనలేదు. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అయితే ఆ సాయంత్రం గ్రూపులో తనంతట తానే మెసేజ్ పెట్టాడు: "నాకు తామర. నాతో చేసినవాళ్ళు చూసుకోండి." జిమ్‌కొచ్చి నెల కూడా కాలేదు వాడు. పదేళ్ళ నుంచి చేస్తున్నవాళ్ళు ఇద్దరు అది చూసి, మేం కూడా అంటూ చేతులెత్తారు.

[మోచేయి, మెడ, చెవి వెనక కెమెరాకి చూపించాలి.]

నాకు ఇవాళ తొమ్మిదో రోజు. ఇంకా ఏమీ రాలేదు. ఇంకో ఐదు రోజులు చూడాలి. అమ్మా, వస్తున్నా, మోటార్ నేనే వేస్తా! ఆ సీసాలో చెంచా పెట్టకు, తడిగా ఉంది!