మెరుగు పెట్టకుండా ఇవ్వండి: పాత గడియారాల కానుకల గురించి తిరుపతిలో చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. చిత్తూరు, పాకాల, రేణిగుంట నుంచి ఈ ఎండలో బయల్దేరి వచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

గడియారాలు సేకరించే మనిషికి ఏ కానుక ఇస్తే బాగుంటుందో చెప్పమన్నారు. నా జవాబు ముందే చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. పాత గడియారాన్ని ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. మెరుగు పెట్టించకండి, డయల్ కొత్తగా రాయించకండి, ముళ్లు మార్పించకండి. అది మీ ఇంటికి ఎలా వచ్చిందో, ఎవరు వాడారో, తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి జతచేయండి. సేకరించేవారికి ఇంతకు మించిన కానుక లేదు.

మన ఇళ్లలో జరిగేది వేరు. మేనమామ షష్టిపూర్తి దగ్గర పడుతుంది. ఆయనకు గడియారాలంటే ప్రాణం. బీరువా అడుగున తాతగారి జేబు గడియారం ఉన్నట్టు ఎవరికో గుర్తొస్తుంది. తీసి చూస్తే వెండి నల్లబడి, అద్దం మసకబారి ఉంటుంది. ‘ఇలా ఇస్తే ఏం బాగుంటుంది’ అని వెండి పనివారి దగ్గరికి తీసుకెళ్లి లోపలా బయటా పాలిష్ పట్టిస్తారు. మరునాటికి అది తళతళలాడుతూ వస్తుంది. మేనమామ అందరి ముందూ నవ్వుతూ అందుకుంటారు. రాత్రి ఒక్కరే కూర్చుని భూతద్దం పెట్టి చూసుకుని బాధపడతారు. ఇచ్చినవారి మనసు నొప్పించడం ఇష్టంలేక ఎవరితోనూ అనరు.

అంత బాధ ఎందుకు? గడియారం యంత్రాన్ని పట్టి ఉంచే బయటి పెట్టెను కేసు అంటారు. ఇంగ్లండులో తయారైన వెండి కేసు లోపలి వైపు బియ్యపు గింజకన్నా చిన్న ముద్రలు ఉంటాయి. నడుస్తున్న సింహం ముద్ర ఉంటే అందులో నూటికి 92.5 పాళ్లు వెండి అని అర్థం. లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసినది, చిరుతపులి తల ఉంటే లండన్‌లో చేసినది. పక్కనే ఉండే ఒక్క అక్షరం అది ఏ సంవత్సరం ముద్రో చెబుతుంది. పాలిష్ చక్రం వెండిని అరగదీస్తుంది కాబట్టి ముందు పోయేవి ఈ ముద్రలే. బయటి మూత మీద యంత్రంతో చెక్కిన సన్నటి అలల నగిషీ కూడా వాటితోనే పోతుంది. నలుపు ఎప్పుడైనా పోగొట్టుకోవచ్చు. అరిగిన వెండి తిరిగి రాదు.

ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. వెనక మూత గోటితో తెరిచి, లోపలి వైపు వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. భూతద్దంలో సూదితో గీసినట్టు అంకెలు, పొడి అక్షరాలు కనిపిస్తాయి. గడియారం తన బల్ల మీదికి వచ్చినప్పుడల్లా రిపేరు చేసిన మనిషి తన గుర్తు కోసం గీసుకున్నవి అవి: పని నంబరు, తేదీ, తన పేరులో ఒక అక్షరం. కొన్ని మూతల లోపల మూడు నాలుగు రకాల చేతిరాతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకరు నిటారుగా గీస్తారు, ఒకరు వాల్చి గీస్తారు. ఆ గడియారాన్ని ఎంతమంది విప్పారో, ఎంత కాలం ఇది ఎవరికో అవసరమై నడిచిందో చెప్పే లెక్కల పుస్తకం ఆ మూతే. పాలిష్ పెట్టించినవారు దాన్నే చెరిపేస్తున్నారు.

ఇక మెషిను, అంటే కేసు లోపల నడిచే యంత్రం, సంగతి. అమెరికా గడియారాల్లో నంబరు మెషిను మీద ఉంటుంది. 1850లో మొదలైన వాల్తం, 1864లో మొదలైన ఎల్జిన్ కంపెనీల నంబర్ల పట్టికలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. నంబరు చూస్తే తయారైన సంవత్సరం సుమారుగా తెలిసిపోతుంది. కేసు మీది నంబరు వేరేగా ఉందని కంగారు పడవద్దు. ఆ రోజుల్లో అమెరికాలో మెషినును, కేసును విడివిడిగా అమ్మేవారు, కొనేవారి తాహతును బట్టి అంగడిలో జత కలిపేవారు. కాబట్టి కానుకతో పాటు ఇచ్చే కాగితంలో మెషిను నంబరు, కేసు నంబరు రెండూ రాయండి.

రైల్వే గడియారాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మనది రైలు చూసి పెరిగిన ప్రాంతం. 1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. రైలు సిబ్బందిలో ఒకరి గడియారం నాలుగు నిమిషాలు ఆగి, మళ్లీ నడవడమే కారణమని అప్పటి నుంచి చెబుతూ వస్తున్నారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే నగల వ్యాపారికి అక్కడి రైలు మార్గాల గడియారాల తనిఖీ అప్పగించారు. క్రమంగా గట్టి నియమాలు వచ్చాయి. డయల్ మీద మూత ఉండకూడదు. ఇరుసులు అరగకుండా మెషినులో పొదిగే చిన్న రాళ్లు, అంటే జ్యువెల్స్, కనీసం 17 ఉండాలి. పడుకోబెట్టి, నిలబెట్టి, ఇలా అయిదు భంగిమల్లో ఉంచి నడక సరిచూసినదై ఉండాలి. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు.

వీటిలో టైము మార్చే పద్ధతి చూడండి. కీ ఇచ్చే బొడిపెను పైకి లాగితే ముళ్లు తిరగవు. ముందు అద్దం చట్రం మర తిప్పి తీయాలి. డయల్ అంచున, ఒకటి రెండు అంకెల దగ్గర, గోటికి అందేంత చిన్న మీట ఉంటుంది. దాన్ని బయటికి లాగి, అప్పుడు బొడిపె తిప్పి ముళ్లు సరిచేసి, మీటను తిరిగి లోపలికి నొక్కి, అద్దం బిగించాలి. కీ ఇస్తూ ఇస్తూ పొరపాటున టైము మార్చే అవకాశం లేకుండా చేసిన ఏర్పాటు ఇది. తెలియనివారు బొడిపెను గట్టిగా లాగి విరిచేస్తారు. ఇలాంటి గడియారం కానుకగా ఇచ్చేటప్పుడు ఆ మీట ఎక్కడుందో చూపించి ఇవ్వండి.

మన వైపు రేణిగుంట మీదుగా మద్రాసు రైల్వే నడిచింది. 1908లో అది సదరన్ మరాఠా రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. పాకాల, చిత్తూరు వైపు మీటర్ గేజ్ దారి సౌత్ ఇండియన్ రైల్వేది. ఈ రైల్వేల పొడి అక్షరాలు డయల్ మీద ఉన్న గడియారానికి సేకరించేవారిలో గిరాకీ ఉంటుంది. గిరాకీ ఉన్నచోట నకిలీ కూడా ఉంటుంది. ఎనామెల్ డయల్ మీద అక్షరాలను అసలైతే కొలిమిలో కాల్చి ఎక్కిస్తారు. భూతద్దంలో అవి ఉపరితలంలో కలిసిపోయి కనిపిస్తాయి. తర్వాత రాయించినవి పైన అతికినట్టు, అంచులు పలచగా కనిపిస్తాయి. కొనే ముందు తప్పక చూడండి.

రైళ్ల మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. కొత్త టైము అయిదున్నర గంటలు ముందు. అంటే 1890లలో కొన్న జేబు గడియారం మీ ఇంట్లో ఉంటే, ఆ రోజు మద్రాసు టైముతో నడుస్తున్న దాని ముల్లును ఎవరో సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు తిప్పి ఉంటారు. ఇలాంటి సంగతి ఒక్క వాక్యంగా రాసి గడియారంతో ఇస్తే పుచ్చుకున్నవారు పదిమందికి చెప్పుకుంటారు.

మన ఇళ్లలో దొరికే జేబు గడియారాల్లో వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ పేరు చాలామంది చూసే ఉంటారు. స్విట్జర్లాండ్ మెషిను, డయల్ మీద బొంబాయి, కలకత్తా పేర్లు. ఖరీదైనదే గొప్ప అనుకోకండి. 1867లో జార్జ్ ఫ్రెడెరిక్ రోస్కోఫ్ కూలి పని చేసుకునేవారు కూడా కొనగలగాలని భాగాలు తగ్గించి చవక గడియారం చేశాడు. ఆ తరహావి అంగడిలో తక్కువ ధరకే దొరుకుతాయి. కానీ గడియారం సామాన్యుడి జేబులోకి ఎలా వచ్చిందో చూపించే వస్తువు కాబట్టి తెలిసినవారు దాన్ని కళ్లకద్దుకుంటారు. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాలకూ అదే గౌరవం దక్కాలని నా పట్టుదల. 2016లో ఆ తయారీ మూతపడే స్థితికి వచ్చింది. రిటైరైన రోజున ఆఫీసువారు ఇచ్చిన హెచ్.ఎం.టి. ఉంటే, వెనక చెక్కించిన పేరు, తేదీ చెరిపించకుండా ఇవ్వండి.

ఇప్పుడే మొదలుపెట్టిన కుర్రవాళ్లకు ఇవ్వాలంటే మన ఊళ్లోనే ఒక మార్గం ఉంది. తిరుమల హుండీలోనూ, అనుబంధ ఆలయాల్లోనూ భక్తులు సమర్పించిన వాచీలను తిరుమల తిరుపతి దేవస్థానం లాట్లుగా వేలం వేస్తుంది. టైటాన్, క్యాసియో, టైమెక్స్, హైదరాబాదులో తయారైన ఆల్విన్ వంటి పేర్లు ఆ ప్రకటనల్లో కనిపిస్తాయి. ఎక్కువగా చేతి గడియారాలే. అయినా విప్పి నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయి. పర్యాటకుల అంగళ్లలో అమ్మే ఇత్తడి ‘లండన్’ జేబు గడియారాల జోలికి మాత్రం వెళ్లకండి. పాత సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది, మూత తెరిస్తే లోపల బ్యాటరీతో నడిచే కొత్త క్వార్ట్జ్ మెషిను ఉంటుంది.

గోడ గడియారాల దగ్గర నాకు కోపం వస్తుంది. ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదని ఒక నమ్మకం. ఆ నమ్మకంతో అమెరికా కంపెనీల అన్సోనియాలు, సేత్ థామస్‌లు ఎన్ని, జపాన్ సీకోషాలు ఎన్ని పాత సామాన్లవారికి తూకానికి వెళ్లిపోయాయో! కొయ్య పెట్టె పొయ్యిలోకి, ఇత్తడి చక్రాలు కరిగించడానికి. నమ్మకాన్ని కాదనను. ఆగినది ఇంట్లో ఉండకూడదంటే దాన్ని నడిపించగలిగేవారి ఇంటికి పంపండి. నడవని గడియారాన్ని కానుకగా ఇవ్వడం అపశకునం అనుకోకండి. సేకరించేవారికి దాన్ని మళ్లీ నడిపించడమే పండుగ.

అయితే పంపడంలో జాగ్రత్త కావాలి. లోలకం తీసి విడిగా గుడ్డలో చుట్టండి. అది వేలాడుతుండగా ఆటోలో తీసుకెళితే దాన్ని మోసే సన్నటి ఉక్కు రేకు వంగిపోతుంది. కీ ఇచ్చే తాళం చెవి కూడా ఇవ్వడం మరిచిపోకండి. డయల్ మీద రెండు రంధ్రాలు ఉంటే సాధారణంగా కుడివైపుది నడకకు, ఎడమవైపుది గంట కొట్టడానికి. గంట కొట్టే గడియారం ముల్లును వెనక్కి తిప్పకండి. గోడకు తగిలించాక చెవి పెట్టి వినండి. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే పెట్టె అడుగు భాగాన్ని కొద్దికొద్దిగా పక్కకు జరిపి చూడండి. చాలాసార్లు రిపేరు అవసరమే ఉండదు.

చీకట్లో వెలిగే డయల్ ఉన్న పాత టైంపీసు ఇస్తుంటే ఒక హెచ్చరిక. 20వ శతాబ్దం మొదటి సగంలో ఆ పూతలో రేడియం వాడేవారు. వెలుగు పోయినా రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం తీసి ఆ పూతను గోకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. పుచ్చుకునేవారికి ఈ సంగతి చెప్పి ఇవ్వండి.

అమెరికాలో ఉన్న అల్లుడికో, కూతురికో పంపాలనుకునేవారు ఈ సభలో చాలామంది ఉంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ గడియారం దాని కిందికి వస్తుందో రాదో సూట్‌కేసులో పెట్టక ముందే పురావస్తు శాఖవారిని అడగండి.

గడియారం కొనే స్తోమత లేకపోతే? పాత కీ గడియారాలకు రకరకాల కొలతల తాళాలు కావాలి. ఆ తాళాల గుత్తి చాలా మంచి కానుక. జేబు గడియారం వేలాడదీసే చిన్న కొయ్య స్టాండు బాగుంటుంది. అన్నిటికన్నా నేను మెచ్చేది మరొకటి. ఆయన దగ్గరున్న ఒక గడియారాన్ని మంచి పనివారితో శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు మీరు పెట్టుకోండి. ఎంత మంచి గడియారానికైనా నాలుగైదేళ్లకోసారి నూనె మార్చాలి. మన ఎండకు, దుమ్ముకు ఆ నూనె ఎండి జిగురై ఇరుసులను అరగదీస్తుంది. చేయించేటప్పుడు పనివారికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: లోపల శుభ్రం చేయండి, బయట ముట్టుకోకండి.

మీరు వెంట తెచ్చిన గడియారాలను ఇప్పుడు ఈ బల్ల మీద పెట్టండి, ఒక్కొక్కటిగా చూద్దాం. ఎంత కాలం ఊరికే ఉన్నవో తెలియదు కాబట్టి ఎవరూ కీ ఇవ్వవద్దు. భూతద్దాలు రెండు ఉన్నాయి, పిల్లలను ముందు రానివ్వండి.