సింకు తడిగా ఉందో లేదో చూడండి

(ఒక మహిళా డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫైనలియర్ విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, ఒకప్పుడు నాతోపాటు పనిచేసి ఇవాళ నన్ను ముఖ్య అతిథిని చేసి ఇబ్బంది పెట్టిన కెమిస్ట్రీ మేడమ్ గారికి, మీ అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. ఇన్నేళ్ళూ మైకు లేకుండా పాఠం చెప్పిన గొంతు ఇది.

నాకు ఇచ్చిన టాపిక్ 'పీజీ ఎక్కడ చేయాలి' అని. పొద్దున్న స్టాఫ్ రూమ్‌కి వచ్చిన నలుగురూ అడిగింది మాత్రం ఒకటే మాట: పాలమూరు యూనివర్సిటీయా, ఉస్మానియానా? ఐదో అమ్మాయి అడగలేదు, నిన్న రాత్రి వాళ్ళ నాన్నే ఫోన్ చేశారు. "దగ్గర్లో ఉన్నది వదిలేసి హైదరాబాద్ ఎందుకు మేడమ్? సర్టిఫికెట్ ఎక్కడిదైనా సర్టిఫికెట్టే కదా!" అన్నారు. ఆయనకు ఫోన్లో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. ఇక్కడే ఉన్న ఆ అమ్మాయి ఇంటికెళ్ళి చెప్పాలి.

సగం వరకు ఆయన మాట నిజమే. జూనియర్ లెక్చరర్ పోస్టుకో, గురుకులాల పోస్టులకో, గ్రూప్స్‌కో వెళ్తే మీ ఎమ్మెస్సీ ఏ యూనివర్సిటీది అని చూసి మార్కులు వేయరు. గుర్తింపు ఉండాలి, కావాల్సిన శాతం ఉండాలి, అంతే. ఆ దారిలో వెళ్ళాలని ఇప్పటికే తేల్చుకున్నవాళ్ళు ఊరికే టెన్షన్ పడకండి. మిగతా సగం గురించే నా బాధంతా.

ఈ జిల్లా యూనివర్సిటీలు నిన్నమొన్న పుట్టినవే. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది, నల్గొండలో మహాత్మా గాంధీ 2007లో, మన పాలమూరు, కరీంనగర్ శాతవాహన 2008లో. మనది అంతకుముందు ఉస్మానియా వాళ్ళ పీజీ సెంటరే. బోర్డు మారింది. అయితే బోర్డు మారినంత తొందరగా పోస్టులు రావు, ల్యాబులు రావు. 1918లో పెట్టిన ఉస్మానియాతో దీన్ని పోల్చడమంటే తాతతో మనవడికి కుస్తీ పెట్టడమే.

లోకల్ కోటా గురించి కూడా చెప్పాలి, చాలామంది తప్పుగా అనుకుంటున్నారు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం నడిచాక, 1973లో ఆరు సూత్రాల పథకం అని ఒకటి కుదిరింది. దాని వల్ల రాజ్యాంగంలోకి 371-డి, 371-ఇ అనే రెండు అధికరణలు పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. 'డి' పుణ్యమా అని 85 శాతం సీట్లు స్థానికులకు. 'ఇ' పుణ్యమా అని హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడ ఈ లోకల్ కోటా లేదు, దేశమంతటితో పోటీ. ఒకే ఒప్పందంలో ఒక చేత్తో మన పిల్లలకు గొడుగు పట్టి, ఇంకో చేత్తో ఎండలోకి తోశారు. రెండూ అవసరమేనని నాకనిపిస్తుంది.

ఇందులో మీకు పనికొచ్చేది ఏమిటంటే, లోకల్ అంటే జిల్లా అని కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ఏరియాలే ఉన్నాయి. తెలంగాణ జిల్లాలన్నీ ఉస్మానియా ఏరియానే. మక్తల్ అమ్మాయి మహబూబ్‌నగర్‌లో ఎంత లోకలో వరంగల్‌లోనూ అంతే లోకల్. ఈ యూనివర్సిటీలన్నిటికీ పీజీ ప్రవేశానికి సీపీగెట్ ఒక్కటే పరీక్ష. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అబ్బాయి చేతికి ఫోన్ ఇచ్చేసి "దగ్గరవి ముందు పెట్టు అన్నా" అంటున్నారు చూడండి, అక్కడే వరంగల్ కాకతీయ యూనివర్సిటీ లాంటివి మీ లిస్టులోకి రాకుండా పోతున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష వేరే రాయాలి. గత రెండు మూడేళ్ళుగా అది మార్చి ప్రాంతంలో జరుగుతోంది. డిగ్రీ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్ళకి ఇంకో ఏడాది ఆగడమే.

ఇప్పుడు నా సంగతి. నేను ఎమ్మెస్సీ చేసింది ఒక పీజీ సెంటర్లో. ఏ జిల్లానో చెప్పను. ఇప్పుడు అక్కడ పాఠం చెబుతున్నవాళ్ళలో నా స్టూడెంట్లు ఉన్నారు, వాళ్ళను ఎందుకు ఇరికించడం? మా ల్యాబ్‌లో ఒక యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉండేది. దానికి నీలం గుడ్డతో కవర్ కుట్టించారు. రెండేళ్ళలో ఆ కవర్ తీసింది ఒక్కసారి, తనిఖీకి కమిటీ వచ్చినప్పుడు. లోపల బల్బు పోయింది, కొత్తదానికి కాగితాలు తిరుగుతున్నాయి అనేవాళ్ళు. రికార్డులో మాత్రం రీడింగులు ఉండాలి కదా! సీనియర్ల రికార్డు చూసి వేసేశాం. వాళ్ళు వాళ్ళ సీనియర్లది చూసి వేశారు. ఆ అంకెలు మొదట ఎవరు తీశారో, అసలు తీశారో లేదో కూడా తెలియదు. నా రికార్డుకి యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి.

అదే సెంటర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పిన సార్ పార్ట్‌టైమ్. గంటకి ఇంత అని ఇచ్చేవాళ్ళు, అదీ నెలల తరబడి ఆలస్యంగా. మేం మొత్తం తొమ్మిది మందిమి. సాయంత్రం చీకటి పడేదాకా కూర్చోబెట్టి, రసాయన చర్య ఎలా జరుగుతుందో బాణాలతో చూపే మెకానిజమ్‌లు వేయించేవారు. బోర్డు మీద బాణం తప్పు దిక్కుకి గీస్తే, "ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి బయల్దేరింది తల్లీ?" అని అడిగి, మేం కనుక్కునేదాకా సుద్దముక్క మా చేతిలోంచి తీసుకునేవారు కాదు. పాఠం ముందు ఇంగ్లిష్‌లో, తర్వాత తెలుగులో. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు ప్రాణం లేచొచ్చింది. ఇవాళ మీ మేడమ్‌లలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు "మేడమ్ బాణాలు" అని నవ్వుతారు. అవి నావి కావు, ఆ సార్‌వి.

తర్వాత పీహెచ్‌డీకి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ అలా సుద్దముక్క చేతికిచ్చి నిలబెట్టినవాళ్ళు ఎవరూ లేరు. కానీ నెట్ అనే పరీక్ష ఉందని, అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే చదువుకుంటూనే నెలనెలా డబ్బులిస్తారని నాకు తెలిసింది అక్కడి టీ కొట్టు దగ్గరే, చేరిన వారం రోజులకే. మా సెంటర్లో రెండేళ్ళున్నాను, ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. చెప్పకూడదని కాదు, మా ముందు వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు, అందుకని. ఇప్పుడు జేఆర్ఎఫ్ నెలకు 37,000. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా మేడమ్ అంటారు మీరు. ఉన్నాయి. వెతకాలన్న సంగతి తెలియాలి కదా ముందు. ఇంకోటి, సైన్స్‌లో ఆ పరీక్ష ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి, తెలుగులో లేదు. తెలుగులో అర్థమయ్యాక దాన్ని ఇంగ్లిష్‌లో రాసి చూసుకునే అలవాటు మీరే చేసుకోవాలి. నేను ఆలస్యంగా చేసుకున్నాను, దాని ఫలితం అనుభవించాను.

ఇంతవరకు చెప్పింది మీరు ఎక్కడైనా వినుంటారు. నేను అసలు చెప్పాలని వచ్చింది బస్సు గురించి.

మా కాలేజీలో చదివిన ఒకమ్మాయి, మక్తల్ దగ్గర పల్లె. తెలివైన పిల్ల. బండమీదిపల్లిలో, అంటే పాలమూరు యూనివర్సిటీలో, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. రాయచూర్ రోడ్డు మీదే క్యాంపస్, ఊరి నుంచి బస్సు తిన్నగా అక్కడే దింపుతుంది. పైగా ఆడపిల్లలకు జీరో టికెట్, అంటే బస్సు ఉచితం. హాస్టల్లో ఉంటే మెస్ బిల్లు కట్టాలి, ఇంటి నుంచి వెళ్ళొస్తే రూపాయి ఖర్చు లేదు. ఇంట్లో ఇంకో ఆలోచనే చేయలేదు. పొద్దున ఏడింటికి బయల్దేరేది. మధ్యాహ్నం ల్యాబ్. నాలుగు దాటితే సీటు దొరకదని, చీకటి పడుతుందని వాళ్ళమ్మ ఫోన్. ప్రయోగం సగంలో ఉండగానే బ్యాగు తగిలించుకునేది. ఫైనల్ రీడింగ్ ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపేది, ఈమె దేవరకద్ర దాటేలోపు బస్సులోనే రికార్డులో ఎక్కించేసుకునేది.

చదువైపోయాక జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా సెజ్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళింది, క్వాలిటీ కంట్రోల్‌లో. అక్కడాయన హెచ్‌పీఎల్‌సీ, అంటే మందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపే మిషన్, అదేమిటని అడగలేదు. "ప్రెజర్ ఒక్కసారిగా పెరిగిపోయింది, ముందు ఏం చూస్తావు?" అని అడిగాడు. ఈ పిల్లకి డెఫినిషన్ వచ్చు, డయాగ్రమ్ వచ్చు. చేయి పెట్టి చూసినవాళ్ళకి ఫిల్టర్ మూసుకుపోయిందా, కాలమ్ మూసుకుపోయిందా అని ఒక్కో లైను విప్పి చూడాలని తోస్తుంది. ఆమెకు తోచలేదు. నా దగ్గరికి వచ్చి ఏడుస్తూ ఒక మాట అంది: "మిషన్ ఉండింది మేడమ్. నేనే లేను."

నా రోజుల్లో మిషన్ పనిచేయక రీడింగులు కాపీ కొట్టాను. ఈమె పనిచేసే మిషన్‌ని వదిలేసి వెళ్ళి కాపీ కొట్టింది. అందుకే చెబుతున్నాను, పాలమూరులో చేరినా చేరండి, ఎక్కడ చేరినా చేరండి, సైన్స్ అయితే హాస్టల్లో చేరండి. ఇంటి నుంచి వెళ్ళిరావద్దు. జీరో టికెట్ మీద నాకు కోపం లేదు. దాని వల్లే గడప దాటిన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీ క్లాసులోనే చూస్తున్నాను. నెలకోసారి ఊరికి వెళ్ళడానికి వాడుకోండి. నాలుగు గంటల తర్వాత క్యాంపస్‌లో జరిగేదే పీజీ. అప్పుడే సార్లు తీరిగ్గా ఉంటారు, అప్పుడే సీనియర్లు దొరుకుతారు, మిషన్ దగ్గర క్యూ తగ్గుతుంది.

ఇంట్లో ఒప్పుకోరు, అది నాకు తెలుసు. అమ్మకు సాయంత్రం పనికి ఇంకో చేయి కావాలి. అలాంటప్పుడు లెక్కలో, ఎకనామిక్సో, తెలుగో తీసుకున్నవాళ్ళు నెట్టుకురావచ్చు. ఇంటిగ్రేషన్ బస్సులో చేసుకునే పిల్లలను నేను చూశాను. టైట్రేషన్ చేయలేం కదా.

హైదరాబాద్ వెళ్తే మాత్రం ఈ గొడవ తప్పుతుందనుకోకండి. హాస్టల్ దొరకకపోతే తార్నాకలోనో విద్యానగర్‌లోనో నలుగురు కలిసి గది తీసుకోవాలి, అద్దె కట్టాలి, వంట చేసుకోవాలి. ఆ గది ఖర్చు కోసం ట్యూషన్లు చెప్పి, చివరికి వీళ్ళూ నాలుగింటికే క్యాంపస్ వదిలి వెళ్ళినవాళ్ళున్నారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో బాగుంటుంది, కాదనను. నా దగ్గరా ఒకటుంది.

మరి ఏది మంచి డిపార్ట్‌మెంటో ఎలా తెలుస్తుంది? కాలేజీలకు, యూనివర్సిటీలకు నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు ఆ యూనివర్సిటీకి ఏం ఇచ్చారో చూడండి, కానీ అది మొత్తానికి ఇచ్చిన మార్కు, మీ ల్యాబ్‌కి కాదు. స్వయంగా వెళ్ళి చూడాలి. సోమవారం వద్దు, శనివారం అసలే వద్దు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళండి. ల్యాబ్‌లో సింకు తడిగా ఉందా? బ్యూరెట్ స్టాండ్లకి బ్యూరెట్లు ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? మిషన్ పక్కన లాగ్‌బుక్ ఉంటుంది, చివరి సంతకం ఏ తేదీదో చూడండి. పర్మనెంట్ సార్లు ఎంతమంది అని అడగండి, కానీ పార్ట్‌టైమ్ అనగానే మొహం చిట్లించకండి, నా సార్ సంగతి చెప్పాను కదా. ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఈ సెమిస్టర్ మధ్యలో ఎవరైనా మానేశారా అని సీనియర్లను పక్కకి పిలిచి అడగండి. కిందటి బ్యాచ్ ఎక్కడెక్కడ ఉన్నారో నలుగురి పేర్లు వాళ్ళు తడుముకోకుండా చెప్పాలి. ఉస్మానియాకి వెళ్ళినా ఇవే అడగండి, పేరు చూసి మొహమాటపడొద్దు.

కొత్త చోటికి ఒక్కరే వెళ్ళి ఇవన్నీ అడగడం కష్టమంటారు. అందుకే వచ్చే మంగళవారం నేనే బండమీదిపల్లి వెళ్తున్నాను. ఫోన్ చేసిన నాన్నగారిని కూడా రమ్మన్నానని చెప్పమ్మా. వచ్చేవాళ్ళు మీ మేడమ్‌కి పేర్లు ఇవ్వండి, ఒంటిగంటకి బస్టాండ్‌లో కలుద్దాం. ఆధార్ కార్డు మర్చిపోకండి, లేకపోతే కండక్టర్ జీరో టికెట్ కొట్టడు.