మడ కాలువలో ఇంటి లెక్క

అందరికీ నమస్కారం. కాకినాడ వాళ్ళకి కోరింగ మడ అడవి అంటే చెక్క వంతెన మీద ఫొటోలు, బోటు షికారు. తప్పేం లేదు, నేనూ దిగాను. ఆ వంతెన కింద బురదలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? చొల్లంగి, కోరంగి, భైరవపాలెం వైపు చాలా ఇళ్ళ జమాఖర్చు అందులోనే ఉంది.

ముందు మండపీత సంగతి. సముద్రపు పోటు తగ్గి, పాటు తీసి కాలువల్లో నీళ్ళు తగ్గాక, మనిషి మోకాలి లోతు బురదలో దిగి మడ వేళ్ళ మధ్య బొరియ వెతుకుతాడు. ఇనప కొక్కెం లోపలికి పెడతాడు. పీత పట్టుకుందని చేతికి తెలిశాక మెల్లిగా లాగాలి. తొందరపడితే పెద్దకాలు ఊడిపోతుంది, ధర పడిపోతుంది. ఒడ్డున కొనేవాడు పీత అడుగున బొటనవేలితో నొక్కి చూస్తాడు. గట్టిగా ఉంటే కండ ఉన్నట్టు. లోపలికి నొక్కుకుపోతే ఈమధ్యే పెంకు మార్చిందన్నమాట, లోపలంతా నీళ్ళే. ఆ ఒక్క నొక్కుతో ఆ పూట కూలి తేలిపోతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ చిన్న నావ, చేతివల ఉన్నవాడికి మడ కాలువే దిక్కు. భృతి ఇస్తారు, సరే. అది చేతికొచ్చేలోపు పొయ్యి మీదికి ఏదో ఒకటి రావాలి కదా!

అసలు సముద్రంలో దొరికే రొయ్యా ఇక్కడిదే. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు పాయల్లోకి వచ్చి మడ నీడన పెరుగుతాయి. 1990ల్లో తీరం పొడవునా టైగర్ రొయ్య పిచ్చి పట్టినప్పుడు, చెరువుల కోసం చాలాచోట్ల ఆ మడనే నరికారు. కాలువల్లో రొయ్యపిల్లల్ని ఏరి ఆ చెరువులకే అమ్మిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తీరంలో రొయ్యల చెరువులకు అడ్డుకట్ట వేస్తూ 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది.

కోరింగ 1978 నుంచి అభయారణ్యం. లోపల కట్టెలు కొట్టకూడదు. గ్యాస్ బండ ఉన్నా, అది అయిపోయిన నెలాఖరులో ఎండు మడకొమ్మ మీదికే కన్ను పోతుంది. తిల్ల అనే మడచెట్టు జోలికి మాత్రం వెళ్ళరు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయం.

ఇక ఆడవాళ్ళు. మగవాళ్ళు వేటకెళ్తే, పాటు సమయానికి కాలువలో దిగి బురదలో చేతులతో తడిమి రొయ్యలు, పీతలు పట్టేవాళ్ళున్నారు. సర్వే కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంటుంది చూడండి, అక్కడ వాళ్ళ పేరు పక్కన ‘గృహిణి’ అని రాసేసి వెళ్ళిపోతారు.