ఆ టైములో ఆమెకు అక్కడేం పని?

(కడపలో జర్నలిజం, న్యాయశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీడియా పక్షపాతం అనగానే మన రాష్ట్రంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఏ పేపరు ఏ పార్టీది, ఏ చానల్ ఎవరిది అన్న లెక్క. దాని మీద ఏడు రోడ్ల కూడలిలో ఏ టీ బంకు దగ్గర నిలబడినా గంటసేపు ప్రసంగం దొరుకుతుంది, నేను రానక్కర్లేదు. పార్టీలతో పని లేకుండా అందరూ కలిసికట్టుగా చేసే పక్షపాతం ఒకటుంది. అది మొదటి పేజీ బ్యానర్‌లో కంటే జిల్లా పేజీ అడుగున, సింగిల్ కాలమ్ నేరవార్తలో ఎక్కువగా కనిపిస్తుంది. అందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. ఊరు, వయసు, సెక్షను అన్నీ సరిగ్గానే ఉంటాయి. అయినా చదవడం పూర్తయ్యేసరికి ఎవరి మీద జాలిపడాలో, ఎవర్ని అనుమానించాలో మనకు తెలిసిపోతుంది. కోర్టుకు ఏళ్లు పట్టే పని నాలుగు పేరాల్లో అయిపోతుంది.

ఒక సరదా రాత్రి సంగతి చెబుతాను. ఆ మధ్య ఒంటిమిట్ట కల్యాణానికి చిన్ననాటి స్నేహితులం ఐదుగురం ఒకే కారులో పోయాం. ఒంటిమిట్టలో రాములవారి పెళ్లి అన్ని ఊళ్లలోలా పగలు జరగదు, రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు పోయాక ప్రభుత్వ లాంఛనాలు కూడా ఇక్కడికే వచ్చాయి. పసిపిల్లల తల్లులు, ముసలమ్మలు, కాలేజీ అమ్మాయిలు ఎంత పొద్దుపోయినా రోడ్డు మీదే ఉంటారు. 'ఈ టైములో మీకిక్కడేం పని' అని ఒక్కరూ అడగరు. ముహూర్తం దేవుడిదైతే ఆడవాళ్లు రాత్రి తిరిగినా అభ్యంతరం లేదన్నమాట.

తిరిగొస్తూ భాకరాపేట దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. మాలో ఒకడు జమ్మలమడుగు పక్క రైతు. ఇంకొకడు ముస్లిం, కడపలోనే ఆటో నడుపుతాడు. మరొకడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఒకామె లాయరు. నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టేచోట, పనిచేసి మానుకున్నవాణ్ణి. మా రైతుకు చావు మీద జోకులేయడం అలవాటు. "ఇప్పుడు మనలో ఎవర్నన్నా నరికేసి పోయినారనుకో, రేపు పేపర్లో ఏమని పడుతుందప్పా? నువ్వు డెస్కులో పన్జేసినోడివి గదా, చెప్పు" అన్నాడు. సరేనని ఒక్కొక్కరికీ హెడ్డింగ్ పెట్టడం మొదలుపెట్టాను.

సాఫ్ట్‌వేర్ వాడిది సులువు. 'యువ ఇంజనీరు దారుణ హత్య.' మూడు కాలాలు, నవ్వుతున్న ఫొటో, జీతం ఎంత, అమెరికా ప్రయత్నాలు ఎంతదాకా వచ్చాయి, తల్లి ఎన్నిసార్లు సొమ్మసిల్లింది, అన్నీ వస్తాయి. ఆటోవాడికి సింగిల్ కాలమ్. 'ఆటోడ్రైవర్ హత్య', దాని కింద 'మద్యం మత్తులో గొడవే కారణమా?' వాడు పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలేదు. అయినా ఆ ప్రశ్న పడుతుంది, ఎందుకంటే ప్రశ్న గుర్తు మీద పరువునష్టం దావా వేయడం కష్టం. వాడే గనక నిందితుడైతే మాత్రం కాలాలు పెరుగుతాయి, పేరు హెడ్డింగ్‌లోకి ఎక్కుతుంది. రైతు విషయంలో డెస్కు ఆలోచించాల్సిన పనే లేదు. 'సీమలో మళ్లీ బుసకొట్టిన ఫ్యాక్షన్', పక్కన పాత ఫొటోల్లోంచి తీసిన వేటకొడవలి. వాణ్ణి చంపింది గట్టు తగాదా పెట్టుకున్న సొంత బావమరిదే కావచ్చు. అదే తగాదా గోదావరి జిల్లాలో జరిగితే ఆస్తి వివాదం, మన దగ్గర జరిగితే ఫ్యాక్షన్.

లాయరమ్మ నన్ను చెప్పనివ్వలేదు. "నాకు హెడ్డింగే ప్రశ్న. అర్ధరాత్రి ఆమె అక్కడికి ఎందుకు వెళ్లింది? లోపల, నలుగురు మగవాళ్లతో కలిసి, భర్త ఊళ్లో లేని సమయంలో. అంతే గదా?" అంది. అంతే. ఒంటిమిట్ట, కల్యాణం, తలంబ్రాలు ఆ వార్తలో ఎక్కడా ఉండవు. రిపోర్టర్ రాసి పంపినా జాగా లేదని డెస్కులో కోసేస్తారు. 'నలుగురు మగవాళ్లు' మాత్రం కోతకు దొరకదు. ఐదుగురం ఎక్కింది ఒకే కారు, తాగింది ఒకే టీ. మాకు అది స్నేహితులతో గడిపిన రాత్రి, ఆమెకు మాత్రం అది ఆమె మీదే సాక్ష్యం.

ఆ మాట మీద ఆమె ఒక చట్టం సంగతి ఎత్తింది. ఇక్కడ లా విద్యార్థులున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 155వ సెక్షన్ నాలుగో క్లాజు అని ఒకటుండేది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిక మంచిది కాదని చూపించి, ఆమె మాట నమ్మదగింది కాదని వాదించే వీలు నిందితుడికి అది ఇచ్చేది. 2002 సవరణ చట్టంతో ఆ క్లాజును తీసేశారు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో స్నేహితుడితో కలిసి సినిమా చూసి బస్సెక్కిన అమ్మాయి మీద జరిగిన ఘోరం మీకు తెలుసు. ఆ తర్వాత 2013లో చట్టాన్ని ఇంకా బిగించారు. సమ్మతి ఉందా లేదా అని తేల్చేటప్పుడు ఆమె నడవడికను గానీ గతాన్ని గానీ లెక్కలోకి తీసుకోకూడదన్నారు. అంటే లాయరు కోర్టులో అడగడానికి వీల్లేని ప్రశ్నను సబ్ ఎడిటర్ హెడ్డింగ్‌లో అడుగుతున్నాడు. కోర్టులో అయితే జడ్జి ఆపుతాడు. డెస్కులో ఆపేవాడు లేడు, రాత్రి తొమ్మిదికి పేజీ పోవాలి.

ఇంకో సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా పుస్తకం వేస్తుంది. అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని ఏటా ఆ లెక్కలు చెబుతున్నాయి. బంధువు, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. మన పేజీలు చూస్తే మాత్రం ప్రమాదమంతా రాత్రిలోనూ, రోడ్డు మీదా, ముక్కూమొహం తెలియనివాడి దగ్గరా ఉన్నట్టుంటుంది. ఇంట్లో జరిగింది 'కుటుంబ కలహాలు' అన్న రెండు మాటల్లో సర్దుకుంటుంది. అది చదివిన తండ్రి కూతుర్ని రాత్రి సినిమాకు పంపడు, పిన్నమ్మ ఇంటికి పంపిస్తాడు.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేసిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె సరదాకు కూడా బయటికి పోలేదు, డాక్టరు దగ్గరికి వెళ్లి తిరిగొస్తోంది. అయినా ఆమె చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసుంటే బాగుండేదని అప్పటి తెలంగాణ హోంమంత్రే అన్నారు. చనిపోయిన బాధితురాలి పేరు కూడా బయటపెట్టకూడదని నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే చెప్పింది. ఏడాది తిరగకముందే ఈమె పేరు, ఫొటో దేశమంతా తిరిగాయి. దిశ అన్న పేరు పెట్టేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు. డిసెంబరు 6న నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లడం రోజంతా టీవీల్లో చూశాం. 2022 మేలో జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అందులో తేల్చారు. పూలకు దొరికిన టైములో పదో వంతు కూడా ఆ నివేదికకు దొరికినట్టు నాకు గుర్తులేదు.

ఇదంతా ఎవరో కూర్చుని కుట్ర పన్నడం వల్ల జరగదు. వార్త పుట్టేచోటే వాలు ఉంటుంది. సాయంత్రం పోలీసు ఆఫీసులో ప్రెస్‌మీట్. టేబుల్ మీద నగలు, సెల్‌ఫోన్లు, కత్తి. వెనక ముసుగులేసుకుని నిలబడ్డ కుర్రాళ్లు. ఆ ముసుగు గుర్తింపు పరేడ్ చెడిపోకుండా ఉండటానికి. ముందే పేపర్లో మొహం చూసిన సాక్షి రేపు జైల్లో గుర్తుపడితే దానికి విలువేముంటుంది? అయితే ముసుగు మొహానికే. కింద ప్రెస్‌నోట్‌లో పేరు, తండ్రి పేరు, ఊరు, కొన్నిసార్లు కులం కూడా ఉంటాయి. అందులో మనకు చాలా ఇష్టమైన వాక్యం ఒకటుంటుంది, 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అని. ఆ శైలి ఏమిటో రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు, మనం నవ్వుకుంటాం కూడా. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడకూడదని పాత సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కోర్టు చెత్తబుట్టలో వేసే కాగితం మనకు మెయిన్ హెడ్డింగ్.

ఇక ఆ ప్రెస్‌మీట్‌కు వచ్చిన మండల కంట్రిబ్యూటర్ పరిస్థితి చూడండి. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, ఎన్ని లైన్లు పడితే అంత. అది పెట్రోలుకు కూడా చాలదు. యాడ్స్ తేవాలి. రేపు ఏ వార్త కావాలన్నా అదే ఎస్సై దగ్గరికి పోవాలి. నిందితుడి తల్లిని కూడా అడిగి రాస్తానంటే, పక్క పేపరువాడు అప్పటికే పంపేసి ఉంటాడు. అసలు కథ తెలిసిన కంట్రిబ్యూటర్లు చాలామంది ఉన్నారు. ప్రెస్‌మీట్ అయ్యాక బయట టీ తాగుతూ చెబుతారు, పేపర్లో రాయరు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. పోలీసులు మీడియాకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నదానికి మాన్యువల్ తయారుచేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను ఆదేశించింది. వార్త పోలీసు టేబుల్ మీదే పుడుతుందని కోర్టుకూ తెలుసు.

మన అడవుల సంగతి కూడా ఒక మాట. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. తమిళనాడు కొండ ఊళ్ల నుంచి దినకూలికి ఎర్రచందనం చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్లు. మన వైపు వార్తల్లో వాళ్లు స్మగ్లర్లు, తమిళనాడు వైపు కూలీలు. దుంగలను ఓడల్లో విదేశాలకు పంపి కోట్లు గడించేవాడు అడవిలోకి గొడ్డలి పట్టుకుని రాడు. ఇప్పటికీ ఈ జిల్లాలో ఎర్రచందనం వార్త వస్తే ఫొటోలో ఉన్నదెవరో చూడండి, చెప్పుల్లేని కాళ్లు కనిపిస్తాయి.

పట్టుకున్న రోజు అంత ఆర్భాటం చేసే మనం, వదిలేసిన రోజు ఎక్కడుంటాం? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. మరుసటి ఏడు ఒక దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అది రాష్ట్రమంతా తెలిసిన కేసు కాబట్టి విడుదల కూడా వార్తయింది. ప్రొద్దుటూరులోనో, రాయచోటిలోనో చిన్న దొంగతనం కేసులో ముసుగేసుకుని నిలబడి, ఆరేళ్ల తర్వాత కేసు కొట్టేయించుకున్నవాడి గురించి మీరెప్పుడైనా చదివారా? ఆ పేజీలో వాడు ఇప్పటికీ దొంగే. ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ పేజీ ఎప్పటికీ పోదు. పిల్లనిచ్చేవాళ్లు ముందు గూగుల్‌లోనే వెతుకుతున్నారు.

జనం చదివేది అదే కదా అంటారు. చదువుతారు, నిజమే. మా టీ కొట్టు ఆటలో మేమందరం నవ్వాం కూడా. కానీ ఆ హెడ్డింగులు ఐదు నిమిషాల్లో, ఎవరినీ అడగకుండా, ఏ వివరమూ తెలియకుండా పెట్టగలిగాం చూడండి, నాకు భయం వేసింది అక్కడే. మనిషి చావకముందే వార్త సిద్ధంగా ఉంది, పేరు నింపడమే తరువాయి.

మీలో కొందరు రేపు ఈ పనిలోకే వస్తారు. పెద్ద సంస్కరణలు మీ చేతిలో ఉండవు. చేతిలో ఉన్నవి చెబుతాను. నేరానికి టైముతో సంబంధం ఉంటేనే టైము రాయండి, మగవాడికి రాయనిది ఆడవాళ్లకు రాయొద్దు. పోలీసులు చెప్పింది 'పోలీసుల కథనం ప్రకారం' అని మొదటి వాక్యంలోనే పెట్టండి, చివరి పేరాలో కాదు. కులం, మతం, ఊరు హెడ్డింగ్‌లో అవసరమా అని ఒక్కసారి అడగండి. ముఖ్యంగా, మీరు అరెస్టు వార్త రాసిన కేసు నంబరు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. తీర్పు వచ్చిన రోజు అదే పేజీలో, అంతే జాగాలో వేయమని డెస్కును అడగండి. మొదటిసారి వేయరు. అడుగుతూ ఉండండి.

లా విద్యార్థులకు ఇంకో పని. మన జిల్లా కోర్టులో విచారణ చూడటానికి ఎవరి పాస్ అక్కర్లేదు. మామూలు దొంగతనం, కొట్లాట కేసుల్లో తీర్పు చెప్పే రోజు పోయి వెనక బెంచీలో కూర్చోండి. విలేకరులు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. ఆ లెక్క తెచ్చి మా జర్నలిజం పిల్లలకు ఇవ్వండి, ఈ ప్రసంగం కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్నలకు వద్దాం. లేడీస్ హాస్టల్ గేటు ఎనిమిదికి మూసేస్తారని మేడమ్ చీటీ పంపారు. అబ్బాయిలకు ఆ తొందర లేదు కాబట్టి ముందు అమ్మాయిల ప్రశ్నలు తీసుకుందాం. ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మా, నువ్వు చెప్పు.