చిన్న ఊపిరితిత్తి అంటే టీబీ మచ్చేనా?

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను గుండెపోటు గురించి మాట్లాడమన్నారు. గుంటూరులో గుండెపోటు గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు కాబట్టి, వాళ్లను ఒప్పించి విషయం మార్చుకున్నాను. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఇవాళ్టి అంశం. ఇవి చాలా అరుదు. "లక్షల్లో ఒకరికి వచ్చేదాని గురించి మాకెందుకండీ" అని మీరు అడగొచ్చు. ఎందుకంటే ఇవి వేరే పేర్లతో మన మధ్యే తిరుగుతుంటాయి. ఒకరి ఫైల్లో టీబీ అని ఉంటుంది, ఇంకొకరి ఫైల్లో ఉబ్బసం అని ఉంటుంది. జబ్బు మాత్రం రెండూ కాదు.

గుండెలో కుడి జఠరిక నుంచి బయల్దేరే పెద్ద ధమని కాస్త పైకెళ్లి రెండుగా చీలుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లు తూర్పు కాలవకీ పడమటి కాలవకీ పోయినట్టు, ఒంట్లోని చెడు రక్తమంతా కుడి, ఎడమ ఊపిరితిత్తులకు పోతుంది. ఒక కాలవకు తూమే పెట్టకపోతే నీళ్లన్నీ రెండో కాలవ మీద పడతాయి కదా. ఒకవైపు ధమని లేకుండా పుట్టినవాళ్ల పరిస్థితి అదే. దీన్ని 1868లోనే ఫ్రెంట్సెల్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. సుమారు రెండు లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వేరే గుండె లోపం లేనివాళ్లలో ఎక్కువగా కుడి ధమని లేకుండా ఉంటుంది.

"లేదు" అన్నానుగానీ, అది పూర్తిగా నిజం కాదు. ఊపిరితిత్తి లోపల కొమ్మలు సాధారణంగా ఉంటాయి, మొదలే ఉండదు. తల్లి కడుపులో ఉన్నంతకాలం చాలామందిలో ఆ కొమ్మలకు డక్టస్ అనే తాత్కాలిక నాళం రక్తం అందిస్తుంది. పుట్టిన కొద్దిరోజులకు ఆ నాళం మూసుకుపోతుంది. ఇక ఆ ఊపిరితిత్తిలోకి గాలి వెళ్తుంది, వెళ్లాల్సిన దారిలో రక్తం రాదు. అది సరిగ్గా ఎదగదు. పసితనంలోనే కనిపెడితే ఆ దాగిన కొమ్మను మళ్లీ పెద్ద ధమనికి కలపొచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ కొమ్మలు సన్నబడిపోయి ఆ అవకాశం పోతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు దగ్గుతో వస్తాడు. ఎక్స్‌రేలో ఒక ఊపిరితిత్తి చిన్నగా ఉంటుంది, గుండె అటువైపు జరిగి ఉంటుంది, పక్కటెముకలు దగ్గరపడి ఉంటాయి. టీబీ వచ్చి తగ్గి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టరుకు ముందు అదే తడుతుంది. మిర్చియార్డులో పనిచేసే ఇంటివాళ్లయితే ఘాటు మీదకి నెట్టేస్తారు. పైగా టీబీలో లాగే ఈ ధమని లేనివాళ్లకు కూడా దగ్గులో రక్తం పడుతుంది. ఎందుకంటే ఆకలితో ఉన్న ఆ ఊపిరితిత్తి ఛాతీ గోడ నుంచి, శ్వాసనాళాల ధమనుల నుంచి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండర పొర కింద నుంచి కూడా రక్తం లాక్కుంటుంది. ఊపిరితిత్తి ధమనిలో ఒత్తిడి మనం చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీలో సుమారు ఆరో వంతే. ఈ దొడ్డిదారి నాళాల్లో మాత్రం పూర్తి బీపీ ఉంటుంది. ఎప్పుడో ఒకటి చిట్లుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కళ్లెలో క్రిమి లేదు, కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షా నెగిటివ్, అయినా రెండోసారి టీబీ కోర్సు మొదలుపెట్టబోతున్నారంటే, ముందు ఒక్కసారి కాంట్రాస్ట్ సీటీ, అంటే రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్, తీయించాలి. ధమని మొదట్లోనే తెగిపోయినట్టు ఆగిపోవడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని, నా మాట విని టీబీ మాత్రలు మానేశామని రేపు ఎవరూ రావద్దు!

మన ఊళ్ల నుంచి కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలకు బస్సులకు బస్సులు వెళ్తుంటాయి. కేదార్‌నాథ్ ఎత్తు మూడున్నర వేల మీటర్ల పైమాటే. ఎత్తుకు వెళ్తే ఎవరికైనా ఊపిరితిత్తి ధమనులు బిగుసుకుంటాయి. రక్తమంతా ఒకవైపే పోతున్నవాళ్లలో ఆ ఒత్తిడికి ఊపిరితిత్తిలో నీరు చేరుతుంది. కుడి ధమని లేని నలుగురికి అమెరికాలోని కొలరాడో కొండల్లో ఇలా జరిగిందని 1980లో హ్యాకెట్ అనే వైద్యుడి బృందం రాసింది. వాళ్లెక్కిన ఎత్తు మూడు వేల మీటర్లు కూడా లేదు. తిరుమల వెయ్యి మీటర్ల లోపే, దాన్ని ఈ లెక్కలో వేయకండి.

ఇక పసిపిల్లల సంగతి. కొందరు బిడ్డల్లో ఎడమ ధమని పెద్ద ధమని నుంచి కాకుండా కుడి ధమని నుంచి పుట్టి, గాలిగొట్టం వెనక నుంచి, అన్నవాహికకు ముందు నుంచి, ఎడమవైపుకు తిరిగి వస్తుంది. అంటే గాలిగొట్టాన్ని ఉరి బిగించినట్టు చుట్టుకుంటుంది. పిల్లాడికి పిల్లికూతలు, పాలు తాగేటప్పుడు ఆయాసం, మాటిమాటికీ నిమ్ము. నెబ్యులైజర్ పెడుతూనే ఉంటారు, తగ్గదు. ఇంకో తంటా ఏమిటంటే, మామూలుగా గాలిగొట్టం మృదులాస్థి వెనకవైపు తెరిచి ఉంటుంది. వీళ్లలో చాలామందికి అది పూర్తి గాజులా మూసుకుని ఉంటుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. 1897లో ఒక పసిబిడ్డ శవపరీక్షలో దీన్ని మొదటిసారి గుర్తించారు. 1954లో చికాగో సర్జన్ విల్లిస్ పాట్స్ ఆ ధమనిని కోసి, గాలిగొట్టం ముందుకు తెచ్చి అతికించిన శస్త్రచికిత్సను ప్రచురించాడు. ఇప్పుడు అవసరమైతే గాలిగొట్టాన్ని కూడా అదే ఆపరేషన్‌లో వెడల్పు చేస్తారు. మందుకు లొంగని పిల్లికూతలు నెలల బిడ్డలో ఉంటే "పెద్దయితే పోతుందిలే" అనే మాట నేను ఒప్పుకోను.

మూడోది, ధమని నేరుగా సిరలో కలిసిపోవడం. మధ్యలో ఉండాల్సిన సన్నటి వడపోత ఉండదు. రక్తానికి ఆక్సిజన్ అందదు. చిన్న గడ్డలు, క్రిములు ఆగకుండా మెదడుకు పోతాయి, పక్షవాతం, మెదడులో చీముగడ్డ వస్తాయి. వీళ్లలో ఎక్కువమందికి వంశపారంపర్య జబ్బు ఒకటి ఉంటుంది. ఇంట్లో తాతకు, తల్లికి, పిల్లలకు మాటిమాటికీ ముక్కు నుంచి రక్తం కారుతుంటే దాన్ని అనుమానించాలి. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ మీ సొరుగులో ఉండే ఉంటుంది. ఈ లోపం ఎక్కువగా ఊపిరితిత్తి అడుగున ఉంటుంది కాబట్టి, కొందరిలో పడుకున్నప్పటికంటే కూర్చున్నప్పుడు ఆక్సిజన్ అంకె పడిపోతుంది. తొడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం పంపి, కాయిల్స్ అనే చిన్న లోహపు తీగచుట్టలతో ఆ దారి మూసేస్తారు. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లు ముందే చేయించుకోవడం మేలు, ఆ నెలల్లో ఇది పెరిగి చిట్లే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకునే ముందు డెంటిస్టుకు చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి.

ధమని కొమ్మలు పుట్టుకతో సన్నబడటం ఇంకో రకం. దాని కారణాల్లో గర్భంలో సోకే రుబెల్లా అనే వైరస్ ఒకటి. ఇవాళ నేను చెప్పినవాటిలో టీకాతో ఆపగలిగింది అదొక్కటే. పిల్లలకు తట్టుకీ రుబెల్లాకీ కలిపి వేసే ఎంఆర్ టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ తీసుకురండి. అటక మీద ఉన్నా సరే. ఆ ఊపిరితిత్తి ఐదేళ్ల వయసు ఫిల్ములోనూ చిన్నగానే ఉంటే, ఇరవయ్యో ఏట పట్టిన దగ్గు దాన్ని ముడిచేసిందని అనలేం.