పాత భక్తిగీతాలు రీల్స్‌లో దెయ్యాల పాటలెలా అయ్యాయి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. పాత రికార్డింగులను డిజిటల్‌లోకి ఎక్కించే నిపుణులు మనతో ఉన్నారు. మొదటి కాల్ హన్మకొండ నుంచి. చెప్పండి.

శ్రోత: సార్, 1888 నాటి బృందగానం ఒకటి రీల్‌లో విన్నా. మనుషుల గొంతుల్లానే లేవు. అది నిజమైందేనా?

నిపుణుడు: నిజమైందే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జూన్ 29న సంగీతకర్త హాండెల్ రాసిన బైబిలు కథ బృందగానం ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’ పాడుతుంటే మైనపు సిలిండర్ మీద పట్టారు. పాడినవాళ్లు నాలుగు వేల పైచిలుకు. యంత్రమేమో వంద గజాల దూరంలో. కరెంటు మైకులు లేని కాలం, కొమ్ములో దూరిన శబ్దమే సూదిని కదిలించాలి. దాంతో మాటలన్నీ కలిసిపోయి హోరు మిగిలింది. భయం పాటలో లేదు బాబూ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తెనాలి నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నమస్కారమండీ. నేను చర్చి క్వయర్‌లో పాడినదాన్నేనండీ. క్రిస్మస్ నెల వస్తే రాత్రిళ్లు ఇంటింటికీ వెళ్లి పాడేవాళ్లం, ఆ చలిలో... ఇప్పుడు మోకాళ్లు సహకరించట్లేదనుకోండి. సంగతేంటంటే, మా మనవడు ఒక రీల్ చూపించాడు. చిన్నపిల్లల పాట, గొంతులు సాగదీసినట్టున్నాయి. మీద ఎర్రక్షరాలతో ‘చనిపోయే ముందు పాడిన చివరి పాట’ అని వేశారు. అప్పట్నుంచి వాడు రాత్రి లైటు ఆర్పనివ్వట్లేదు. నిజంగా చివరి పాటేనా అండీ?

నిపుణుడు: పీపుల్స్ టెంపుల్ అని ఏమైనా ఉందామ్మా?

శ్రోత: ఆ, ఉందండీ. జోన్స్ అని కూడా ఉంది.

నిపుణుడు: అయితే అది జిమ్ జోన్స్ నడిపిన మత సంఘం పీపుల్స్ టెంపుల్ వాళ్ల ‘హీజ్ ఏబుల్’ అనే ఆల్బమ్‌. 1973లో అమెరికాలో వచ్చింది. గయానాలో ఆ సంఘం వాళ్లున్న జోన్స్‌టౌన్‌లో విషంతో సామూహిక మరణాల ఘోరం జరిగింది 1978 నవంబరు 18న. ఆ పిల్లలు పాడింది అందరికీ స్వాగతం చెప్పే పాట. వేగం తగ్గిస్తే శ్రుతి కిందికి దిగి పసిగొంతు బరువెక్కుతుంది, పైన ప్రతిధ్వని కలుపుతారు. నేనెప్పుడూ చెప్పేదే, ముందు అసలు వేగంలో వినండి.

శ్రోత: అయితే చివరి పాట కాదంటారా? వాడు నమ్మట్లేదండీ. డిలీట్ చేసేయమని మా కోడలు అంటోంది.

నిపుణుడు: కాదమ్మా, ఐదేళ్ల ముందుది. డిలీట్ చేసినంత మాత్రాన వాడి భయం పోదు. పక్కన కూర్చోబెట్టుకుని అసలు పాట వినిపించండి. పిల్లలు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో మీకు తెలుస్తుంది కదా, వాడికి చూపించండి. జోన్స్‌టౌన్‌లో 900 మందికి పైగా పోయారు. అందులో 300 మందికి పైగా పిల్లలే. వాళ్లని దెయ్యాలుగా చూపిస్తుంటే నాకు కడుపు మండిపోతుందమ్మా.

శ్రోత: అయ్యో... అలాగే చేస్తానండీ. ఇంకొక్కటి. మా ఇంట్లో క్రిస్మస్ పాటల క్యాసెట్టు ఉంది, అదీ సాగి సాగి వస్తోంది...

నిపుణుడు: ప్లేయర్ బెల్టు వదులై ఉండొచ్చు. వేరే ప్లేయర్‌లో పెట్టి చూడండి. పారేయకండి మాత్రం.

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకొకరు లైన్లో ఉన్నారు. విశాఖ, చెప్పండి.

శ్రోత: సార్, ఇలాంటి రీల్స్ నేను చేస్తాను. 1904లో మొరెస్కి పాడిన మరియమ్మ ప్రార్థన గీతం ‘ఆవే మరియా’ వాడా, బాగా వెళ్లింది...

నిపుణుడు: కింద ఆయన పేరు వేశారా?

శ్రోత: లేదు సార్. వేస్తే భయం పోతుందని...

నిపుణుడు: అదే వద్దనేది! వాటికన్‌లో పాడిన మనిషాయన. చిన్నతనంలోనే జరిగిన శస్త్రచికిత్స వల్ల ఆయన గొంతు మారలేదు. అలాంటి గాయకుల్లో సోలో రికార్డులు మిగిలింది ఆయనవే. 1902లో ఆయన్ని రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గే ఆ నవంబరులో కలకత్తాలో మన గాయని గౌహర్ జాన్‌ని రికార్డు చేశాడు. ఆవిడ పాటకి భయపడతామా? పేరు వేయండి, ఏడాది వేయండి, అసలు వేగంలో...

వ్యాఖ్యాత: సార్, సమయం అయిపోయింది. ధన్యవాదాలు. వార్తల తర్వాత కలుద్దాం.