దక్షిణం వైపు తిరిగి చూసే అరోరా

అందరికీ నమస్కారం.

అరోరా, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, అనగానే అందరి కళ్ల ముందుకూ ఒకే బొమ్మ వస్తుంది: మంచు కప్పిన నేల, నెత్తిమీద ఊగే ఆకుపచ్చ తెరలు. అది నార్వేలోని ట్రోమ్సో కావచ్చు, ఐస్‌లాండ్ కావచ్చు, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ కావచ్చు. ఆ బొమ్మ నిజమే, కానీ సగమే. రెండో సగానికి, అంటే దక్షిణ ధ్రువం వైపు అరోరాకు, రావాల్సిన పేరు రాలేదని నా బాధ. అందుకే ఇవాళ దాని గురించే ఎక్కువ చెబుతాను.

సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో వస్తూనే ఉంటాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఆ శక్తిని పట్టి ఉంచుకుని, ఎలక్ట్రాన్లను రెండు ధ్రువాల వైపూ తోస్తుంది. అవి తాకితే పైగాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ వెలుగుతాయి. అలా రెండు అయస్కాంత ధ్రువాల చుట్టూ రెండు వెలుగు వలయాలు ఏర్పడతాయి. ఉత్తర వలయం కింద ఊళ్లున్నాయి, రోడ్లున్నాయి, విమానాశ్రయాలున్నాయి. దక్షిణ వలయం కింద ఉన్నది చాలావరకు అంటార్కిటికా మంచు, దాని చుట్టూ సముద్రం. వెలుగుకు లోటు లేదు, చూసేవాళ్లే తక్కువ.

1967లో రెండు జెట్ విమానాలు ఒకేసారి ఎగిరాయి, ఒకటి అలాస్కా వైపు, ఇంకొకటి న్యూజిలాండ్‌కు దక్షిణంగా. రెండుచోట్లా అరోరా దాదాపు అద్దంలో బొమ్మలా కనిపించింది. అయితే ఎప్పుడూ అలాగే ఉండదు. ఒకే సమయంలో రెండు వైపులా వెలుగు వేర్వేరు చోట్ల ఎక్కువైన సందర్భాన్ని ఉపగ్రహ చిత్రాలతో చూపిస్తూ 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది.

మరి దక్షిణాన ఎక్కడ నిలబడాలి? మ్యాపులో బాగా కిందున్న ఊరు చూసి అర్జెంటీనాలోని ఉషువాయా అనుకుంటారు. అది దాదాపు 55 డిగ్రీల దక్షిణాన ఉంది. అయినా అక్కడ అరోరా అరుదు. 43 డిగ్రీల దగ్గర, ఆస్ట్రేలియా ద్వీపమైన టాస్మేనియాలో ఉన్న హోబార్ట్‌లో అంతకన్నా ఎక్కువసార్లు కనిపిస్తుంది. భూమి అయస్కాంత అక్షం కాస్త వంగి ఉంటుంది, దక్షిణాన ఆ వంపు ఆస్ట్రేలియా వైపుకుంది, అందుకే వెలుగు వలయం అటు దగ్గరగా వస్తుంది. న్యూజిలాండ్ దక్షిణ కొస, దాని కిందున్న స్టువర్ట్ ద్వీపం కూడా మంచి చోట్లే.

అక్కడ అరోరా మామూలుగా నెత్తిమీదికి రాదు, దక్షిణాన నేలనంటి ఉంటుంది. దూరం వెళ్లే ఓడలో ముందు కింది భాగం మునిగి, తెరచాప కొస చివరిదాకా కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. 100 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండే ఆకుపచ్చ నేల వంపు చాటున దాక్కుంటుంది. 200 కిలోమీటర్లకు పైనుండే ఎరుపు మిగులుతుంది. ఆ ఎరుపు నాకు చాలా ఇష్టం. ఆకుపచ్చ వెలుగు ఇవ్వడానికి ఆక్సిజన్ పరమాణువుకు సెకను లోపే చాలు, ఎరుపుకు మాత్రం దాదాపు రెండు నిమిషాలు కావాలి. ఈలోగా ఇంకో పరమాణువు తగిలితే ఆ వెలుగు పుట్టదు. అందుకే గాలి బాగా పలచబడిన ఎత్తులోనే అది కనిపిస్తుంది.

చూడ్డానికి చీకటి రాత్రులు కావాలి కాబట్టి ఉత్తరాన సెప్టెంబరు నుంచి మార్చి దాకా, దక్షిణాన మార్చి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరుల్లో అరోరాను పెంచే అయస్కాంత తుఫానులూ, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే అలజడులూ ఎక్కువే, కాబట్టి ఆ రెండు నెలలూ ఇద్దరికీ కలిసొస్తాయి.

ఇక మీరు వెళ్లాక టెన్షన్ పడకండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఈలోగా ఫోను వెలిగిస్తే మళ్లీ మొదటికే. మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు, ఎరుపైతే మరీను. ఐదారు సెకన్లు తెరిచి ఉంచిన కెమెరాలో గులాబీ రంగు వచ్చినచోట మీకు బూడిద రంగు పట్టీ ఒకటే కనిపించవచ్చు. చాలామంది దాన్ని మబ్బనుకుని కారెక్కేస్తారు. మబ్బయితే నక్షత్రాలను కప్పేస్తుంది. ఆ పట్టీలోంచి నక్షత్రాలు కనిపిస్తున్నాయంటే మాత్రం అక్కడి నుంచి కదలకండి.